చలికి పగిలే పళ్ళెము

ఫిన్లాండు దేశములో చలికాలము. పైన్ చెట్ల మధ్య నేలంతా మంచుతో కప్పబడి ఉన్నది. ఉష్ణోగ్రత సున్నకు దిగువ 15 డిగ్రీలు. ఒక ఆటగాడు జానెడు వెడల్పుగల ప్లాస్టిక్కు పళ్ళెమును గిరగిర తిప్పి విసరుతాడు. అది గాలిలో తేలుతూ పోయి ఒక చెట్టు బోదెకు తగులుతుంది. ఠప్పుమని శబ్దము, పళ్ళెము రెండు ముక్కలై మంచులో పడుతుంది. వేసవిలో ఆ పళ్ళెమే ఎన్నోసార్లు చెట్లకు తగిలినా, అంచున నాలుగు గాట్లు పడినవేగాని పగులలేదు. చెట్టు మారలేదు, విసరిన చెయ్యి మారలేదు. మారినది ఉష్ణోగ్రత ఒక్కటే.

ఈ ఆట పేరు డిస్కు గోల్ఫు. గోల్ఫులో బంతిని గుంటలో వేసినట్లు, ఇందులో పళ్ళెమును గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయవలెను. తక్కువ విసరులతో ముగించినవాడే గెలిచినవాడు. పళ్ళెము పగిలితే పోయేది ఒక ఆట మాత్రమే. కాని అది ఎందుకు పగిలినదో తెలుసుకొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ సంగతిని లెక్కచేయనిచోట ప్రాణములే పోయినవి.

రేకు మూతనుండి ప్లాస్టిక్కునకు

ఎగిరే పళ్ళెము మొదట ప్లాస్టిక్కు వస్తువు కాదు. అమెరికాలో బ్రిడ్జిపోర్టు పట్టణమున విలియం రసెల్ ఫ్రిస్బీ 1871లో ఒక రొట్టెల వ్యాపారము ప్రారంభించాడు. అక్కడి తీపి రొట్టెల రేకు పళ్ళెములను విద్యార్థులు విసరుకొని ఆడేవారని ప్రతీతి. 1937లో కాలిఫోర్నియాలో వాల్టర్ ఫ్రెడరిక్ మోరిసన్ అనే యువకుడు, తనకు కాబోయే భార్య లూసీల్‌తో కలసి, పేలాల డబ్బా మూతను విసరి ఆడాడు. మరుసటి ఏడు వారు సముద్రపుటొడ్డున కేకు పళ్ళెముతో ఆడుచుండగా ఎవరో దానిని 25 సెంట్లిచ్చి కొనుక్కొన్నారు. దుకాణములో దాని వెల 5 సెంట్లే! ఇందులో వ్యాపారమున్నదని మోరిసన్ గ్రహించాడు.

రేకు సొట్టలు పడుతుంది. దాని అంచు చేతిని గీరుతుంది. అందుచేత మోరిసన్ 1948లో వారెన్ ఫ్రాన్షియోనితో కలసి ప్లాస్టిక్కు పళ్ళెమును తయారుచేయించాడు. తరువాత దాని ఆకారమును సవరించి, 1957 జనవరి 23న వామ్-ఓ అనే సంస్థకు హక్కులిచ్చాడు. ఆ సంస్థ అదే సంవత్సరములో దానికి ఫ్రిస్బీ అని పేరు పెట్టినది. ఆ ఫ్రిస్బీని పాలిథీన్‌తో పోతపోశారు.

పాలిథీన్ పుట్టుక కూడ ఒక ఆటవంటిదే. 1933 మార్చి 27న ఇంగ్లండులో ఐ.సి.ఐ. సంస్థకు చెందిన ఫాసెట్, గిబ్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఎథిలీన్ వాయువును బెంజాల్డిహైడుతో కలిపి అత్యధిక పీడనమునకు గురిచేశారు. వారు కోరిన చర్య జరుగలేదు. పాత్రలో మైనమువంటి తెల్లని పదార్థము మిగిలినది. 1935లో పెర్రిన్, అతని సహచరులు దానిని మరల సాధించారు. రెండవ ప్రపంచయుద్ధములో రాడారు తీగలకు తొడుగుగా అది ఎంతో ఉపకరించినది. యుద్ధానంతరము బొమ్మలలోనికి, బకెట్లలోనికి, చివరకు ఎగిరే పళ్ళెములలోనికి వచ్చినది.

బెల్లపు పాకము చెప్పే పాఠము

ఒక వస్తువు చలికి పెళుసెక్కుట కొత్త సంగతి కాదు. 1830 తరువాత కొన్నేండ్లు అమెరికాలో రబ్బరు బూట్లకు, కోట్లకు గొప్ప గిరాకి ఏర్పడినది. కాని అవి వేసవిలో కరగి జిగురుగా మారేవి. చలికాలములో రాతివలె బిగిసేవి. కొన్నవారు తిరిగి దుకాణములకు తెచ్చారు. ఎన్నో సంస్థలు దివాలా తీశాయి. 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో వేడిచేసి ఈ లోపమును చాలవరకు తొలగించాడు. అయినను కారణము అతనికి తెలియదు.

కారణము తెలియుటకు ముందు ఈ పదార్థముల నిర్మాణము తెలియవలెను. రబ్బరు, ప్లాస్టిక్కులు వేలకొలది పరమాణువులు వరుసగా కూడిన పొడవైన గొలుసులని 1920లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించాడు. అంత పెద్ద అణువులుండవని తోటివారు చాలకాలము వాదించారు. చివరకు అతని మాటే నిలిచినది. 1953లో నోబెల్ బహుమానము లభించినది.

ఇంటిలో వేరుశెనగ అచ్చులు పోయుట విద్యార్థులు చూసినదే. ముదురు పాకము వేడిగా ఉన్నపుడు ఎటు వంచినా వంగుతుంది. చల్లారిన తరువాత అదే అచ్చు ఫటాలున విరుగుతుంది. పాకము స్ఫటికములుగా మారినందువలన కాదు. అందులోని అణువులు కదలలేక ఉన్నచోటనే బిగిసిపోయినందువలన. గాజు కూడ ఇట్టిదే. కనుక శాస్త్రజ్ఞులు దీనిని గాజు స్థితి అన్నారు. చల్లారుతూ ఉన్న పదార్థము ఏ ఉష్ణోగ్రత దగ్గర ఈ స్థితికి వస్తుందో అది దాని గాజు స్థితి ఉష్ణోగ్రత. ప్లాస్టిక్కులలో స్ఫటికములు కాక మిగిలిన భాగమునకు ఈ నియమము వర్తిస్తుంది.

అచ్చే మరొక పాఠము కూడ చెప్పుతుంది. వానకాలములో డబ్బా మూత తీసి ఉంచితే అది మెత్తబడుతుంది. గాలిలోని తేమ పాకపు అణువుల మధ్య దూరి, వాటికి కదలిక నిస్తుంది. 1926లో వాల్డో సెమన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు గట్టి పి.వి.సి.ని మరగని ద్రవములతో కలిపి మెత్తపరచినపుడు జరిగినది కూడ ఇటువంటిదే. అనగా గాజు స్థితి ఉష్ణోగ్రతను మానవుడు తన అవసరము ననుసరించి దించవచ్చును.

మెత్తనిదా, గట్టిదా?

పాలిస్టిరీన్ గాజు స్థితి ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలు. కావున మన గదిలోనే అది పెళుసుగా ఉంటుంది. పాలిథీన్‌కు అది సున్నకు దిగువ 100 డిగ్రీలను మించి ఉన్నది. ఏ దేశపు చలి అయినను దానిని గాజుగా మార్చలేదు. అటులైన పళ్ళెములన్నియు పాలిథీన్‌తోనే చేయరాదా?

ఇక్కడ ఆట అడ్డు వచ్చినది. 1964లో ఎడ్ హెడ్రిక్ ఫ్రిస్బీ పైభాగమున గాడులు కల్పించి, నిలకడగా ఎగిరేటట్లు చేశాడు. 1975లో అతని పూనికతో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో డిస్కు గోల్ఫునకు శాశ్వతమైన మైదానము ఏర్పడినది. గొలుసుల బుట్టను రూపొందించినది కూడ అతడే. 1983లో డేవ్ డ్యూనిపేస్ పళ్ళెపు అంచును ఏటవాలుగా మలచాడు. గాలిని చీల్చుకొని పోయే ఈ చిన్న పళ్ళెములు చాల దూరము పోగలిగినవి. కాని వాటి అంచు వంగరాదు. మెత్తని పాలిథీన్ ఇందుకు చాలదు. గట్టి ప్లాస్టిక్కు కావలసివచ్చినది.

1954లో ఇటలీలో జూలియో నట్టా సాధించిన పాలిప్రొపిలీన్ గట్టిది, చౌక. కాని దాని గాజు స్థితి ఉష్ణోగ్రత సున్నకు కొంచెము దిగువనే ఉన్నది. వేసవిలో దానికి సాటి లేదు. గడ్డకట్టే చలిలో అది పెళుసు. రబ్బరువంటి పదార్థములను కలిపితే ఈ దోషము తగ్గుతుంది. దీనికంటె మేలైన ఉపాయము పాలియురిథేన్‌లో ఉన్నది. 1937లో జర్మనీలో ఆటో బేయర్ దీనికి దారి తీశాడు. దీని గొలుసులో మెత్తని భాగము, గట్టి భాగము ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మెత్తని భాగము తీవ్రమైన చలిలో కూడ కదలగలదు. గట్టి భాగములు ముడులవలె ఆకారమును నిలుపుతాయి. వాటి పాళ్ళను మార్చి గట్టి రకములను, మెత్తని రకములను చేస్తారు. మేలురకపు పళ్ళెములు చాలవరకు ఇట్టివే.

వేగము కూడ చలివంటిదే

గొలుసులు జారి దెబ్బను ఓర్చుకొనుటకు కొంత వ్యవధి కావలెను. నెమ్మదిగా వంచితే వంగే పళ్ళెము, గంటకు 100 కిలోమీటర్ల వేగముతో చెట్టుకు తగిలితే ఆ వ్యవధి దొరకదు. తీవ్రమైన వేగముతో తగిలిన దెబ్బకు పదార్థము మరింత చలిలో ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. ఈ కాలమునకు, ఉష్ణోగ్రతకు గల సంబంధమును 1955లో విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనువారు ఒక సమీకరణముగా చెప్పారు. పైగా, గాజువంటి పదార్థములలో చిన్న గాటు కొననే బలమంతా కేంద్రీకరిస్తుందని 1921లో గ్రిఫిత్ చూపి ఉన్నాడు. వేసవిలో అంచున పడిన గాటు చలికాలములో పగులునకు నాంది.

ఈ నియమములు ఆటస్థలముతో ఆగిపోవు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌకను ప్రయోగించినపుడు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు చలికి చురుకుదనము కోల్పోతాయని ఇంజనీర్లు ముందునాటి రాత్రే హెచ్చరించారు. వారి మాట చెల్లలేదు. వలయము సందును వెంటనే మూయలేకపోయినది. మంటలు వెలికి చిమ్మినవి. 73 సెకన్లలో నౌక విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. ఫిబ్రవరి 11న విచారణ సంఘము ఎదుట రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి మంచునీటి గ్లాసులో ముంచాడు. బిగింపు వదలిన పిమ్మట అది వెంటనే పూర్వాకారమునకు రాలేదు. రబ్బరు గాజు కాలేదు, విరుగలేదు. ఆలస్యము చేసినది, అంతే. ఆ ఆలస్యమే చాలినది.

ఎన్నిక ఎట్లు?

పళ్ళెముల తయారీదారులు తమ మిశ్రమముల పాళ్ళను బయటపెట్టరు. కనుక ఆటగాడు గుణమును బట్టి ఎన్నుకోవలెను. చలికాలమునకు గట్టి రకముకంటె వంచితే వంగే మెత్తని రకము మేలు. వేసవిలో మరీ మెత్తగా తోచినది చలిలో సరిపోవును. రాత్రంతా బయట ఉంచక ఇంటి వెచ్చదనమున ఉంచి తీసుకొనిపోవలెను. లోతైన గాట్లు పడినదానిని చెట్ల మధ్య విసరరాదు.

తెలుగునాట మంచు పడకపోయినను ఈ పాఠమునకు ప్రయోగశాల అనేక ఇండ్లలో ఉన్నది. ఫ్రిజ్జులో మంచుగడ్డ కట్టే అరలో ఒక ఖాళీ పాల ప్యాకెట్టును, ఒక అచ్చు ముక్కను, కొన్ని ప్లాస్టిక్కు డబ్బా మూతలను ఒక రాత్రి ఉంచి, మరునాడు గుడ్డలో చుట్టి వంచి చూడవచ్చును. పాలిథీన్ ప్యాకెట్టు ఎప్పటివలెనే మడతపడుతుంది. మూతలలో కొన్ని బిగిసి ఉంటాయి, కొన్ని పగులుతాయి. ఒక వస్తువు గట్టిదా అని మాత్రమే అడిగితే చాలదు. ఎంత చలిలో గట్టిది, ఎంత వేగపు దెబ్బకు గట్టిది అని కూడ అడుగవలెను.