రబ్బరుకు రఫూ

చార్మినార్ దగ్గర నిలబడి పడమటివైపు చూస్తే లాడ్ బజారు గాజుల తళుకులు రమ్మని పిలుస్తుంటాయి. పర్సు తెరవకుండా ఆ బజారు దాటగల ధీరవనితలెవరైనా ఉంటే, మహబూబ్ చౌక్ గడియార స్తంభం మీదుగా మరికాస్త ముందుకు నడవండి. హుస్సేనీ ఆలం వస్తుంది. మొహర్రం రోజుల్లో నిలిపే 'అలం' పేరు మీద వెలసిన పేట అది. మన పల్లెల్లో పీరు అంటామే, అదే అలం. ఇంకా పోతే పురానాపూల్. 1578లో కట్టిన వంతెన, 1591 నాటి చార్మినార్‌కి పదమూడేళ్ల అక్కగారు. ఆ దారులు వేసినవాళ్ల మనసులో పల్లకీలున్నాయి, గుర్రాలున్నాయి, ఎడ్లబండ్లున్నాయి. కార్లు మాత్రం లేవు!

అంచేత ఆ సందుల్లో కారు నడపడమంటే అత్తగారింట్లో మాట్లాడ్డం లాంటిది. ఎటు జరిగినా ఏదో ఒకటి తగులుతుంది. ఒక పక్క అరుగు, ఒక పక్క మోటారు సైకిలు, ఎదురుగా ఆటో. ఊపిరి బిగబట్టి కాస్త పక్కకి తీస్తే కిందనించి 'గర్ర్' మంటూ ఓ శబ్దం. గుండె గుభేలుమంటుంది. దిగి చూస్తే తలుపు క్షేమం, రంగు క్షేమం. టైరు పక్కన మాత్రం ఒక గీత, అందులోంచి రేకులా లేచిన రబ్బరు పొర. టైరుకి రోడ్డును తొక్కే భాగం ఒకటి, పక్కగోడ ఒకటి. ఈ పక్కగోడనే దుకాణాలవాళ్లు సైడ్‌వాల్ అంటారు. గీత పడింది దానిమీదే.

ఆ గీతని ఇంట్లో మనమే సరిచేసుకోవచ్చా అన్నది చిన్న ప్రశ్నే. కాని దాని వెనక నూటెనభై ఏళ్ల పైచిలుకు కథ ఉంది.

మన ఊళ్లలో బండిచక్రానికి పక్కగోడ అనే బాధే లేదు. ఆకులు, పూఠీలు కలిపి వడ్రంగి చక్రం చేసేవాడు. కమ్మరి ఇనప పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు గుమ్మరించేవాడు. పట్టా బిగుసుకునేది. రాయి తగిలితే రాయే విరగాలి. సుఖం మాత్రం అడక్కండి. ఆ బండిలో పదిమైళ్లు ప్రయాణం చేసిన మా అమ్మమ్మ తరంవాళ్లకే తెలుసు నడుముల సంగతి.

రబ్బరు చక్రానికి పనికొస్తుందని మొదట ఎవరికీ తోచలేదు. ఎండకి జిగురులా కరిగేది, చలికి బిర్రబిగుసుకుపోయేది. అమెరికాలో చార్లెస్ గుడియర్ అనే మొండిమనిషి 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యిమీద పడితే కరక్కుండా గట్టిపడడం గమనించాడు. ఆ ప్రక్రియకి రోమనుల అగ్నిదేవుడు వల్కన్ పేరు పెట్టారు. మన రోడ్లపక్క రేకు బోర్డులమీద రకరకాల అక్షరదోషాలతో కనిపించే 'వల్కనైజింగ్' ఆ దేవుడి పేరే సుమండీ! పాపం గుడియర్ మాత్రం అప్పులతోనే 1860లో కన్నుమూశాడు. ఆయన పేరున్న టైర్ల కంపెనీ ఆయన పెట్టింది కాదు, పోయాక చాలా ఏళ్లకి వేరేవాళ్లు పెట్టుకున్నది.

గాలి నింపిన చక్రానికి 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. గుర్రపు బగ్గీల కాలం కదా, ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గిద్దామని అదే ఉపాయం మళ్లీ కనిపెట్టాడు. ఈసారి లోకం పట్టుకుంది. బిడ్డ నడుము నొప్పి చూడలేని తండ్రి చేతిలోంచి వచ్చిందన్నమాట గాలి టైరు. దానితోపాటే పక్కగోడా వచ్చింది, దాని కష్టాలూ వచ్చాయి.

హుస్సేనీ ఆలం నుంచి కూతవేటు దూరంలో చౌమహల్లా ప్యాలెస్ ఉంది. అక్కడ అద్దాల వెనక పసుపు పచ్చని రోల్స్ రాయిస్ కారొకటి చూడొచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా హయాంలో ఆర్డరిచ్చినది. ఆయన 1911లో పోవడంతో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. లోపల సీటు కాదు, సింహాసనమే! దర్జా వేడుకలకే తప్ప బయటికి రాకపోవడంతో అది తిరిగిన మైళ్లు బహు తక్కువ.

ఆ కారు తయారైన రోజుల్లో టైర్లు చాలావరకు నల్లగా ఉండేవి కావు. రబ్బరు సహజంగానే పాలిపోయిన రంగు. అందులో బలానికి జింక్ ఆక్సైడ్ కలిపేవాళ్లు, అది మరీ తెలుపు. మన మొహం పౌడర్లలో ఉండే జింక్ ఆక్సైడే అది. 1910 తర్వాత రబ్బరులో సన్నని మసి కలిపితే టైరు ఎన్నో రెట్లు మన్నుతుందని కంపెనీలు గ్రహించాయి. ఆముదం దీపంమీద పళ్లెం బోర్లించి మనం పట్టే కాటుక లేదూ, దాని చుట్టమే ఆ మసి. పౌడరు పోయి కాటుక వచ్చిందన్నమాట! మొదట్లో రోడ్డును తొక్కే భాగానికే మసి కలిపి, పక్కగోడని తెల్లగా వదిలేసేవాళ్లు. పొదుపు కోసం చేసిన ఆ పని తర్వాత దర్జా అయి కూర్చుంది. తెల్ల అంచు టైర్లంటే గొప్పింటి కార్లని పేరు. పక్కగోడ అందచందాల గురించి జనం బెంగపెట్టుకోవడం అప్పటినించే ఉందన్నమాట.

సామాన్యులకి ఆ బెంగ పెట్టుకునే తీరికెక్కడిది? 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. మన ఆర్టీసీలకి అదే మూలపురుషుడు. 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారం వచ్చింది. ఆరేళ్లు తిరక్కుండా, 1942లో, రబ్బరు తోటలున్న మలయా జపాను చేతికి పోయింది. లోకమంతా టైర్లకి కరువు. టైరంటే బంగారమే. యుద్ధం అయిపోయినా ఆ పొదుపు బుద్ధి మనల్ని వదల్లేదు. మద్రాసులో బొమ్మ బుడగలు చేసుకునే ఎం.ఆర్.ఎఫ్. 1952లో పెద్ద వ్యాపారంలోకి దిగింది కొత్త టైర్లతో కాదు, పాత టైర్లకి కొత్త పైపొర వేసే రబ్బరుతో!

అరిగితే పైపొర వేయించడం, అదీ అరిగితే చెప్పులు కుట్టించడం, మిగిలింది బావిలో బొక్కెనగా మార్చడం. టైరుకి మనం ఇచ్చినన్ని జన్మలు చిత్రగుప్తుడు కూడా ఇచ్చి ఉండడు. కారు వెనక ఉండే అదనపు చక్రాన్ని 'స్టెప్నీ' అంటాం చూశారూ, వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి పేరది. 1904లో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు అదనపు చక్రం అమ్మడం మొదలెట్టారు. వాళ్ల దేశం ఆ మాట ఎప్పుడో మరిచిపోయింది. పాత వస్తువుని పారేయనట్టే పాత మాటనీ మనం పారేయలేదు.

ఇన్ని జన్మలిచ్చినా ఒక్క భాగానికి మాత్రం పునర్జన్మ లేదు. అదే పక్కగోడ. పైన అరిగితే కొత్త పొర వేయొచ్చు, మేకు దిగితే లోపలినుంచి అతుకు పెట్టొచ్చు. పక్కగోడ లోపల దారాలు తెగాయా, ఇక ఆ టైరు పని అయిపోయినట్టే. ఎందుకంటారా? టైరు బలం రబ్బరులో లేదు, దాని కింద దాగిన దారాల్లో ఉంది. ఒకప్పుడు నూలు, ఆ తర్వాత రేయాన్, నైలాన్, పాలియెస్టర్. రబ్బరు ఆ దారాల్ని కప్పే పైట మాత్రమే. పైగా చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఒకసారి వంగి లేస్తుంది. చిన్న కారుకి కిలోమీటరుకి సుమారు 550 సార్లు. హుస్సేనీ ఆలం నుంచి సికిందరాబాదు వెళ్లొస్తే పదివేల పైచిలుకు గుంజీలు! అన్ని గుంజీలకి ఏ అతుకు నిలుస్తుంది చెప్పండి?

పాతబస్తీలో రఫూగర్లని చూసే ఉంటారు. పట్టుచీరకి చిరుగు పడితే దారం మీద దారం వేసి, ఎక్కడ చిరిగిందో కట్టుకున్నవాళ్లకే తెలీకుండా చేస్తారు. ఆ రఫూలో కొత్త దారం పాత దారం పనిని తలకెత్తుకుంటుంది. టైరు పక్కగోడకి అలాంటి రఫూ ఈ భూమ్మీద లేదు. మనం చేయగలిగిందల్లా పైట సర్దడమే.

హుస్సేనీ ఆలంలో నా స్నేహితురాలు ఒకావిడ ఉంది, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైంది. వాళ్లబ్బాయి కొత్తగా ఓ పాత కారు కొన్నాడు. సందు మలుపులో ఎడమవైపు టైరు గీరుకుంది. తెల్లారితే తల్లిని, పిల్లల్ని తీసుకుని శ్రీశైలం దారిలో ప్రయాణం. గీరుకున్న టైరుతో వెళ్లడం నామోషీ అని వాడి ఏడుపు. పంక్చరు దుకాణం మేస్త్రీని పిలుచుకొచ్చాడు. పెద్దాయన ఆ గీతని గోటితో తడిమి చూసి, "ఖాలా, ఇది పైచర్మం గీసుకుపోవడమే, దారం కనబళ్లేదు" అన్నాడు. అంతటితో లేచిపోకుండా అలవాటుకొద్దీ మిగతా మూడు టైర్లనీ అరచేత్తో నిమిరాడు. కుడివైపు ముందు టైరు నిగనిగలాడుతోంది, అమ్మినవాళ్లు పూసిన పాలిష్‌తో. దాని లోపలి పక్కన ఆయన చెయ్యి ఆగింది. అర నిమ్మచెక్కంత ఉబ్బు. "బేటా, నీ భయం ఆ టైరు గురించి. నా భయం ఈ టైరు గురించి" అన్నాడు.

లోపల దారం తెగి, గాలి రబ్బరుని బయటికి తోస్తే వచ్చే ఉబ్బు అది. శ్రీశైలం ఘాట్‌లో ఆ టైరు పేలి ఉంటే ఏమయ్యేదో నేను వర్ణించనక్కర్లేదు. అది మార్చాకే ప్రయాణం సాగింది. గీతపడ్డ టైరు మాత్రం ఆ గీతతోనే వెళ్లి ఆ గీతతోనే తిరిగొచ్చింది.

ఇహ ఇంట్లో చేసుకునే పైట సర్దుబాటు ఎలాగో చెబుతాను. మొదట సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వాలి. వెలుతుర్లో చూడాలి, వేలితో తడమాలి. దారాలు కనబడినా, ఉబ్బు చేతికి తగిలినా, గాలి తగ్గుతున్నా అక్కడితో ఆపేయండి. అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. గీత లోతుగా ఉందేమో అని అనుమానం వచ్చినా దుకాణంలో చక్రం విప్పించి లోపలివైపు కూడా చూపించాల్సిందే. వట్టి పైపొరే లేచిందంటే రెండు దారులు. లేచిన రేకుని పదునైన బ్లేడుతో మట్టానికి కోసేయడం ఒకటి. లోపలికి పొడవకూడదు, కూరగాయ తొక్క తీసినంత పైపైనే. లేదా రేకు కింద శుభ్రంచేసి, ఆరాక వంగే గుణమున్న రబ్బరు జిగురు పల్చగా రాసి, అదిమి పట్టి ఉంచడం. గట్టిపడిపోయే సీలు ముద్దలు వద్దు. పక్కగోడ వంగుతుంది, అవి వంగవు. రెండు రోజుల్లో పెచ్చులూడతాయి. గరుకు అంచుల్ని సన్నని ఉప్పుకాగితం తడిపి రెండుసార్లు రుద్దితే చాలు, గోడకి సున్నం గీకినట్టు గీకొద్దు.

మెరుపు కావాలంటే నీళ్లతో తయారైన టైరు పాలిష్ దొరుకుతుంది. పెట్రోలు, కిరసనాయిలు మాత్రం దగ్గరికి రానివ్వద్దు, రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి. రోడ్డును తాకే భాగానికి ఏ పాలిష్ రాయకూడదు, జారుతుంది. ఎండకి నిలబెట్టిన టైరు పక్కన గోధుమరంగు తేలితే కంగారుపడొద్దు. పగుళ్లు రాకుండా కంపెనీవాళ్లు రబ్బరులో కలిపిన మందు, మైనం పైకి వస్తాయి, అంతే. తర్వాత నాలుగు రోజులు ఆ చోటు చూస్తూ ఉండండి. గాలి ఎప్పుడూ తక్కువ కానివ్వద్దు. గాలి తగ్గిన టైరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, పక్కగోడ మరీ బయటికొచ్చి రాయికి దొరుకుతుంది.

టైరు పక్కనే ఓ మూల చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, 2319 అన్నట్టు. 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో పుట్టిందని అర్థం. 2000 నుంచీ ఈ జాతకం ఇలా నాలుగంకెల్లో రాస్తున్నారు. పాత కారు కొనేటప్పుడు మెరుపు చూసి మురిసిపోయే ముందు ఆ నాలుగంకెలు చదవండి, లోపలి పక్కకి చెయ్యిపోనిచ్చి నిమరండి.

ఒకనాడు డబ్బు లేక, పారేయాల్సిన టైరుని కూడా అతికించి నడిపారు మనవాళ్లు. ఇవాళ డబ్బుండి, ఏమీ కాని గీతకి కొత్త టైరు కొనేవాళ్లు ఒకరు, అసలు గాయం మీద నల్లరంగు పూసి ఇంకొకరికి అంటగట్టేవాళ్లు ఒకరు. మొదటివాళ్లకి పోయేది డబ్బే. రెండోవాళ్ల పనికి పోయేది ఎవరి ఇంటి దీపమో! గీతల్ని సర్దుకుందాం, తప్పులేదు. ఆడవాళ్లం, సర్దుకోవడం మనకి కొత్తా? కాని సర్దుతున్నది పైటా, తెగిన దారమా అని ఒక్కసారి చేత్తో తడిమి చూసుకోవడం మాత్రం మరిచిపోవద్దు.