గుగ్గిలం: ఒక పేరు, మూడు చెట్లు, ఒక మోకాలు



ఈ టపా వ్రాయడానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు. కొన్నేళ్ళ క్రిందట నా భార్య మోకాలి వాపుతో బాధపడుతూ ఉండగా, గుగ్గిలపు నూనె అని పేరున్న చిన్న సీసా ఒకటి కొని తెచ్చాను. గుగ్గిలం వాపును హరిస్తుందని వైద్య గ్రంథాలలో చదివినవాడిని కదా! ఏమీ కలపకుండానే మోకాలికి పట్టించి గుడ్డ చుట్టాను. తెల్లవారేసరికి చర్మం కమిలి బొబ్బలెక్కింది. "ఏమండీ, నొప్పి పోలేదు గానీ తోలు పోయింది" అన్నదామె. ఆ మాట నన్ను నిఘంటువుల దగ్గరికి, ఆ తరువాత అడవి దగ్గరికి నడిపించింది.

ముందుగా పేరు సంగతి. సంస్కృతంలో గుగ్గులువు అంటే మనం మహిసాక్షి అనే బంక. అది ఎడారి ప్రాంతాల ముళ్ళపొదది. తెలుగులో గుగ్గిలమంటే సాలవృక్షపు రాళ కావచ్చు, మన నల్లమలలోని అందుగు చెట్టు జిగురూ కావచ్చు. ఈ అందుగునే సంస్కృతం శల్లకి అన్నది. ఏనుగులకు ప్రీతి గనుక అమరకోశం దీనికి గజభక్ష్య అనే పర్యాయం కూడా ఇచ్చింది. ముప్పై యేళ్ళు పిల్లలకు ఈ పర్యాయాలు వల్లె వేయించాను గానీ, ఆ చెట్టును ఒక్కనాడైనా చూడలేదు. ఇక అంగడిలో సాంబ్రాణి అని అమ్మేది చాలాసార్లు ఆగ్నేయాసియా చెట్టు బంక. పేరు ఒకటే గనుక గుణమూ ఒకటే అనుకోవడమే నా మొదటి తప్పు.

ఈ తప్పు పెద్దలకూ తప్పలేదు. 1807లో కోల్‌బ్రూక్ 'ఏషియాటిక్ రీసెర్చెస్'లో, ప్రాచీనులు ధూపం వేసిన ఒలిబానం మన అందుగు జిగురేనని వాదించాడు. ఈ చెట్టుకు బోస్వెల్లియా సెర్రేటా అనే పేరు పెట్టినది, మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్. ఆ శతాబ్దపు ద్వితీయార్ధంలో బర్డ్‌వుడ్, అసలు ఒలిబానం అరేబియా, సోమాలియా చెట్లదని నిరూపించాడు. మన వైపు కొండలలో ఇంకొక చెట్టున్నది: కొండ గుగ్గిలం. శేషాచలం, దాని పరిసరాల కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ జాతిని 1961లో గాని శాస్త్రజ్ఞులు వర్ణించలేదు. బాలకృష్ణన్, హెన్రీ అనేవారు ఆ పని చేశారు.

ఇక గుణం సంగతి. 1986లో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయానికి చెందిన సింగ్, అటల్ అనే శాస్త్రజ్ఞులు అందుగు జిగురు సారం ఎలుకలలో వాపును తగ్గిస్తున్నదని ప్రకటించారు. తరువాత జర్మనీలోని ట్యూబింగెన్‌లో అమ్మోన్ బృందం, అందులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు వాపుకు కారణమయ్యే ఒక ఎంజైమును అడ్డుకొంటాయని చూపింది. 2003లో నాగపూరు వైద్యులు మోకాలి కీళ్ళ అరుగుదల గల 30 మంది మీద పరీక్షించిన ఫలితాన్ని ప్రచురించారు. నొప్పి తగ్గి, నడిచే దూరం పెరిగింది; ఎక్స్‌రేలో మాత్రం మార్పు లేదు.

అయితే ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. ఇవన్నీ జిగురు సారంతో, నోటి ద్వారా ఇచ్చి చేసిన పరీక్షలు. బోస్వెల్లిక్ ఆమ్లాలు బరువైనవి. ఆవిరిపట్టి నూనె దించితే అవి బట్టీ అడుగునే మిగిలిపోతాయి. నూనెతో పైకి వచ్చేవి థూజీన్, పైనీన్ వంటి తేలికపాటి సుగంధ ద్రవ్యాలు. ఇటువంటి సుగంధ తైలాలు వాపు తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో కొంత కనిపించినా, మనుషుల విషయంలో జిగురుకున్నంత సాక్ష్యం నూనెకు లేదు. అనగా, జిగురు కీర్తిని నేను నూనెకు అంటగట్టాను. పైగా పైనీన్ వంటివి గాలి తగిలి పాతబడితే చర్మాన్ని మరింత రేపుతాయి.

కాబట్టి వాడదలచినవారికి ఒక మాట. ఏ సుగంధ తైలమైనా నేరుగా పూయకండి. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు 2 చుక్కలకు మించకూడదు. ముందు ముంజేతి మీద కొద్దిగా రాసి ఒకరోజు ఆగి చూడండి. నోటికి తగిలించకండి. పసిబిడ్డల దరికి చేర్చకండి: కర్పూరం, నీలగిరి తైలం మ్రింగిన పిల్లలకు ఫిట్స్ వచ్చిన ఉదంతాలు వైద్యులకు సుపరిచితాలు. తలంటి పోసిన బిడ్డకు పొగ వేసే మన ఆచారంలో కూడా, ఆ పొగ ఊపిరితిత్తులలోకి పోతుందని మరువకండి.

ఆ మరుసటి వేసవిలో అహోబిలం మీది అడవికి పోయి అందుగును చూశాను. కాగితపు పొరల వలె ఊడే బెరడు. ఆకు రాలి, బూడిదరంగుతో నిలుచున్నది. దారి చూపిన చెంచు పెద్దాయన ఒక పాత గాటును చూపి, "గాయం మానకముందే ఇంకో గాయం పెడితే చెట్టు సచ్చిపోతది సారూ" అన్నాడు. కొండ గుగ్గిలానికి జరిగింది అదే. మితిమీరిన గాట్ల వల్ల, అడవి తరుగుదల వల్ల అది నేడు ముప్పులో ఉన్న జాతి.

నా భార్య మోకాలి మీద మచ్చ ఇంకా ఉన్నది. దానిని చూచినప్పుడల్లా ఆ చెట్టు గాటు గుర్తుకు వస్తుంది. రెండూ అర తెలివి చేసిన గాయాలే.