గార్డెన్ పేరు, గంధరాజం పువ్వు

గార్డీనియా అనగానే తోట గుర్తొస్తుంది. కానీ ఆ పేరు తోటది కాదు, మనిషిది. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో వైద్యం చేసిన స్కాట్లాండ్ డాక్టర్ అలెగ్జాండర్ గార్డెన్ గౌరవార్థం 1761లో జాన్ ఎల్లిస్ ఈ పేరు ప్రకటించాడు. మన గంధరాజం ఇదే. మొక్క పుట్టిల్లు చైనా వైపు. మన అడవుల్లోని బిక్కి చెట్లూ ఈ ప్రజాతివే.

గంధరాజంలో నేలబారుగా పరుచుకునే రకం రాడికన్స్. లాటిన్‌లో ‘వేళ్లూనేది’ అని అర్థం. ఎంత సరైన పేరో! వంగిన కొమ్మ తడిమట్టికి తగిలిన చోటల్లా వేరు పడుతుంది. దాన్ని కోసి నాటుకుంటే మరో మొక్క. ఎత్తు అడుగు, రెండడుగులే. ఆకు సన్నం, పువ్వు చిన్నది, పరిమళం మాత్రం గంధరాజానిదే. తెల్లగా విచ్చి, వాడేసరికి మీగడ పసుపుకు తిరుగుతుంది.

ముద్ద నందివర్ధనాన్ని చూసి గంధరాజం అనుకునేవాళ్లున్నారు. ఒక ఆకు తుంచండి. పాలు కారితే అది నందివర్ధనం.

గంధరాజం ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే మొక్కకు ఇనుము అందడం లేదన్నమాట. సున్నపు నేలల్లో ఇది మామూలే. అలాంటి చోట కుండీలో, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి పెంచండి.