మంచినీటి రొయ్య పిల్లలకు నీటి వేడి ఎంత ఉండాలి?

హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో సేద్యపు కుంట ఉన్నవారు కట్ల, రోహు చేపలతో పాటు రొయ్య కూడా వేద్దామా అని ఆలోచించడం సహజమే. సీడ్ కొనేముందు చూడవలసిన మొదటి సంగతి నీటి ఉష్ణోగ్రత. తల్లిదండ్రులకు, సైన్సు చదివే పిల్లలకు పనికివచ్చే వివరాలు ఇవి.

ఏ రొయ్య?

మంచినీటిలో పెంచేది నీలకంఠ రొయ్య. బజారులో స్కాంపి అంటారు. శాస్త్రీయ నామం మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గి. ఆంధ్రలో కృష్ణా, గోదావరి నదుల్లోనూ కొల్లేరులోనూ సహజంగా దొరుకుతుంది. 2000 ప్రాంతంలో నెల్లూరు జిల్లా రైతులు దీన్ని విస్తారంగా పెంచారు.

పెద్ద రొయ్య మంచినీటిలో బతికినా, దాని లార్వా బతకాలంటే కొంచెం ఉప్పు నీరు కావాలి. అందుకే గుడ్లున్న ఆడ రొయ్య నది ముఖద్వారం వైపు పోతుంది. ఈ సంగతిని 1960ల మొదట్లో మలేసియాలోని పెనాంగులో షావో-వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. హేచరీలు రావడానికి అదే దారి చూపింది. లార్వా 11 దశలు దాటి పోస్ట్ లార్వా అవుతుంది. అప్పుడే దాన్ని మంచినీటి కుంటలో వేస్తారు.

మన దక్షిణ పినాకిని కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో కెలవరపల్లి, కృష్ణగిరి, సాత్తనూరు డ్యాములున్నాయి. కాబట్టి ఇక్కడ సీడ్ హేచరీ నుంచి కొనాల్సిందే. ప్రతి పిల్లా డబ్బే.

గుర్తుంచుకోవలసిన అంకెలు

• 28 నుంచి 31 డిగ్రీల సెల్సియస్: పిల్లలు బాగా పెరిగే వేడి.
• 24 డిగ్రీలకు తగ్గితే: లార్వా సరిగ్గా పెరగదు, దశలు మారడానికి ఎక్కువ రోజులు పడుతుంది.
• 33 డిగ్రీలు దాటితే: లార్వాలు ఎక్కువగా చనిపోతాయి.
• 14 కన్నా తక్కువ, 35 కన్నా ఎక్కువ: కుంటలో వేసిన పిల్లలకూ ప్రాణాపాయం.

ఎందుకిలా?

రొయ్యకు మనలాగా ఒంటి వేడిని తానే కాపాడుకునే శక్తి లేదు. నీళ్లు చల్లబడితే ఒళ్లూ చల్లబడుతుంది. మేత తగ్గుతుంది, పెంకు విడవడం ఆలస్యమవుతుంది. పెంకు విడిస్తేనే రొయ్య పెరిగేది.

వేడి ఎక్కువైతే మరో చిక్కు. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. పిల్లలకేమో వేడిలో ఊపిరి అవసరం ఎక్కువ. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడి నీటిలో ఆక్సిజన్ ఇంకా కొంచెం తక్కువే కరుగుతుంది.

హోసూరు వేరు, కృష్ణగిరి వేరు

రెండూ ఒకే జిల్లా అయినా ఒకే తేదీ కుదరదు. హోసూరులో భయం చలి. డిసెంబరు, జనవరిలో కుంట నీళ్లు రొయ్య పిల్లకు తగినంత వెచ్చగా ఉండవు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ తర్వాత వేసుకుంటే మళ్లీ చలి వచ్చేలోగా పంట పట్టుకోవచ్చు. పల్లంలో ఉన్న కృష్ణగిరి వైపు భయం ఏప్రిల్, మే ఎండలు. లోతు లేని కుంట మధ్యాహ్నానికి కాగిపోతుంది. నాలుగడుగుల లోతు నీళ్లుంటే అడుగున కాస్త చల్లగా ఉంటుంది.

పిల్లలను వదిలేటప్పుడు

దారిలో సీడ్ బ్యాగుల నీటిని చల్లగా ఉంచుతారు. తెచ్చిన వెంటనే కుంటలో పోయకండి. మూత విప్పకుండా బ్యాగులను 15 నిమిషాలకు తక్కువ కాకుండా కుంట నీటిపై తేలనివ్వండి. తర్వాత కుంట నీళ్లు కొంచెం కొంచెంగా బ్యాగులో కలిపి, అప్పుడు వదలండి. పొద్దున చల్లటివేళ మంచిది.

విద్యార్థులకు

ఇంట్లో ఒక బకెట్, ఒక పెద్ద తొట్టి నీళ్లు ఎండలో పెట్టండి. పొద్దున 6కు, మధ్యాహ్నం 3కు థర్మామీటరుతో కొలిచి వారం రోజులు రాయండి. ఏది త్వరగా వేడెక్కింది, ఏది త్వరగా చల్లారింది అన్నది మీకే తెలుస్తుంది. కుంటలో కొలవాలంటే పెద్దవాళ్లతోనే వెళ్లండి, ఒంటరిగా వద్దు. సీడ్ కొనే ముందు నెల రోజులు కుంట దగ్గర ఇలాగే కొలిచి రాసుకున్న లెక్క ఇంట్లో ఉంటే, ఎప్పుడు వేయాలో, అసలు వేయాలో వద్దో నాన్నగారికి అదే చెబుతుంది.