లేతుపని (శిల, అక్రిలిక్)

తిరుగుచున్న వస్తువునకు పనిముట్టును తాకించి, అక్కరలేని భాగమును ఒలిచివేసి, గుండ్రని రూపమును సాధించు విద్యకు లేతుపని యనియు, పూర్వపు వాడుకలో తరిమెనపని యనియు పేరు. కొయ్య, దంతము, కొమ్ము, లోహము దీనికి చిరపరిచితములైన పదార్థములు. మెత్తని శిలలను, ఇరువదవ శతాబ్దిలో వానికి తోడుగా వచ్చిన అక్రిలిక్ అను కృత్రిమ పదార్థమును లేతుపై పట్టి, భరిణెలు, కలశములు, దీపపు సెమ్మెలు, గిన్నెలు, పూసలు, కలములు మున్నగు చిన్న వస్తువులు చేయు విద్యయొక్క చరిత్ర మాత్రమే ఈ వ్యాసమున చెప్పబడుచున్నది. ఈ చరిత్రలో యంత్రముకంటె పదార్థమునకే ప్రాధాన్యము మెండు. ఏ శిలను ఎట్లు కాచి, నానబెట్టి, బంక పట్టించి సిద్ధపరుపవలెనో ఎరిగిన పనివాడే ప్రతి యుగమునందును ఈ విద్యను ముందునకు నడపెను.

ఈజిప్టుదేశపు ప్రాచీన శిలాపాత్రలు నిజమునకు లేతుపై పట్టినవి కావు. మూడవ రాజవంశమునకు చెందిన జోసెర్ ప్రభువు కట్టించిన సోపాన పిరమిడు క్రింది నేలమాళిగలలో సుమారు 40,000 రాతిపాత్రలు దొరకినవి. వాని గర్భమును, బరువులు కట్టి త్రిప్పెడు బరమాతో, ఇసుకను రాపిడిగా వేయుచు తొలచిరి. లేతును స్పష్టముగా చూపు మిక్కిలి ప్రాచీనమైన చిత్రము ఆ దేశముననే, తూనా ఎల్ గెబెల్ అను చోట, పెటోసిరిస్ అను అర్చకుని సమాధి గోడపై కలదు. అది క్రీ. పూ. 4వ శతాబ్ది చివరిది. ఒకడు త్రాటిని లాగుచు వదలుచు ఇరుసును త్రిప్పుచుండగా, ఎదుట నున్నవాడు ఉలి నానించి పనిచేయుచుండును. ఆ త్రాడు లాగెడు పద్ధతి ఆసియాఖండమున చిన్న పనివాండ్ర యిండ్లలో నిన్నమొన్నటి వరకు నిలిచియుండెను.

గ్రీకులు లేతును పెద్ద శిలలకు సైతము వాడిరి. సామోస్ ద్వీపమునందలి హేరాదేవి ఆలయమున, క్రీ. పూ. 6వ శతాబ్ది నాటి స్తంభపీఠములపై కానవచ్చు సమాంతరమైన గాడులు త్రిప్పుటవలన ఏర్పడినవే. రోమక పండితుడైన ప్లినీ, లేతును కనిపెట్టిన ఘనతను ఆ ద్వీపవాసియగు థియొడోరస్‌నకే ఇచ్చెను. ప్లినీ చెప్పిన మరియొక సంగతి మన విషయమునకు ఇంకను దగ్గరిది. సిఫ్నోస్ ద్వీపమున దొరకు ఒక మెత్తని రాతిని లేతుపై పట్టి పాత్రలు చేయుదురనియు, నూనెతో కాచినప్పుడు ఆ రాయి నల్లబడి గట్టిపడుననియు, ఇటలీలో కోమో ప్రాంతమున అట్టిదే పచ్చని రాయి కలదనియు ఆయన వ్రాసెను. రోము పతనమైన పిమ్మట వేయి సంవత్సరములు ఆ ప్రాంతపు ఆల్ప్స్ లోయలలో నీటిచక్రముతో నడచు లేతులపై, ఒకే దిమ్మనుండి ఒకదానిలో నొకటి యిమిడెడు పాత్రలను తీయుచుండిరి. ఆ వర్తకమునకు పట్టుకొమ్మయైన పియూరో పట్టణము 1618 సెప్టెంబరు 4వ తేదీన కొండచరియ విరిగిపడి మట్టిలో కలిసిపోయెను.

భారతదేశమున శిలను త్రిప్పి పట్టుటలోని పరాకాష్ఠ కల్యాణి చాళుక్యుల, హొయసలుల, కాకతీయుల స్తంభములలో కానవచ్చును. 1112లో కట్టబడిన ఇటగి మహాదేవాలయము, 1117లో ప్రతిష్ఠితమైన బేలూరు చెన్నకేశవాలయము, 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడి, గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్పగుడి ఇందుకు నిదర్శనములు. కర్ణాటదేశపు శిల్పులకు చిక్కినది గనినుండి తీసినప్పుడు మెత్తగా నుండి, గాలికి క్రమముగా గట్టిపడెడు బలపపు జాతి రాయి. కాకతీయ శిల్పులు చేపట్టినది కఠినమైన నల్లరాయి. ఆ కఠినశిలపై సైతము కట్లు, మెడలు, గంటయాకృతులు ఒకదానిపై నొకటి వెండ్రుకవాసి తేడాలేక వలయములుగా దిగివచ్చుట చూచినప్పుడు, ఓరుగల్లు పనివారి ఓర్పునకు చేయెత్తి నమస్కరింపవలసినదే. స్తంభమును నిలువు ఇరుసుపై త్రిప్పుచు ఉలి నానించి పట్టిరని పలువురు పండితుల యభిప్రాయము.

చిన్న వస్తువులలో తెలుగువారికి తరతరములుగా తెలిసినది రాచిప్ప. బలపపు రాతితో చేసిన యీ పాత్రలో పులుసు కాచినచో, దించిన పిమ్మటకూడ చాలసేపు మరగుచుండును. కొనితెచ్చిన క్రొత్త రాచిప్పను వెంటనే పొయ్యిమీదికి ఎక్కింపరు. నూనెయు పసుపును పట్టించి ఆరనిచ్చి, కొన్నినాళ్లు వేడి గంజి పోసి ఉంచి, అటుపై సన్నని సెగను చూపుదురు. సిఫ్నోస్ పనివాడు నూనెతో సాధించినదానిని మన యింటి ఆడవారు నూనెతోను గంజితోను సాధించిరి.

ఐరోపాలో 16వ శతాబ్దినుండి లేతుపని రాజుల వేడుకయైనది. 1701లో ఫ్రెంచి సన్న్యాసి షార్ల్ ప్లూమియే ఈ విద్యపై సచిత్రమైన గ్రంథమును ప్రకటించెను. రష్యా చక్రవర్తి పీటరు స్వయముగా లేతుపై కూర్చుండి దంతపు వస్తువులను పట్టువాడు. ఆయన యంత్రశాలలో ఆండ్రే నార్తోవ్ అను నిపుణుడుండెను. సాక్సనీలోని జోబ్లిట్స్ పట్టణమున సర్పశిలను (సర్పెంటైనును) పట్టువారు తమకొక వృత్తిశ్రేణిని ఏర్పరచుకొనిరి.

శిలను చిన్న అలంకార వస్తువులుగా త్రిప్పుటలో స్వర్ణయుగమనదగినది ఇంగ్లండునందలి డెర్బీషైరు ప్రాంతమున 18వ శతాబ్ది మధ్యనుండి నూరేండ్లపాటు సాగెను. 1748లో హెన్రీ వాట్సన్ అను నతడు ఆష్‌ఫర్డ్ గ్రామమున నీటిచక్రముతో పాలరాతిని కోసి మెరుగుపెట్టు కర్మాగారమును నెలకొల్పెను. అచటి నల్లరాయి మెరుగుపెట్టిన పిదప అద్దమువలె నుండును. దానికంటె ప్రసిద్ధమైనది కాసిల్టన్ సమీపమున ట్రీక్ క్లిఫ్ అను కొండలో దొరకు బ్లూజాన్. ఇది ఊదా, తెలుపు, పసుపు రంగుల చారలుగల ఫ్లోర్‌స్పార్ అను ఖనిజము. దీపమునకు ఎదుట పట్టినచో పాత్ర గోడనుండి ఆ చారలు వెలుగుచుండును. 1762లో ప్రసిద్ధ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ కెడిల్‌స్టన్ భవనమునందలి అగ్గిగూటికి దీనిని పొదిగించెను. బర్మింగ్‌హామునందలి సోహో కర్మాగారాధిపతి మాథ్యూ బౌల్టన్, ఆవిరియంత్రమున జేమ్స్ వాట్‌నకు భాగస్వామి కాకముందే, ఈ రాతిపై మోజుపడి, 1768లో డెర్బీలోని మిత్రుడు జాన్ వైట్‌హర్స్ట్‌నకు గనిని కౌలునకు తీసికొను విషయమై లేఖ వ్రాసెను. గని చేజిక్కలేదు గాని రాయి చిక్కెను. బంగారు పూత పూసిన కంచుపిడులు, పీఠములు తొడిగిన ఆయన కలశములను 1770లో ఇంగ్లండు రాజదంపతులు కొనిరి. 1771లో లండనులో క్రిస్టీ వేలమున అట్టి కలశములు అమ్మకమునకు వచ్చెను.

బ్లూజాన్ పట్టుట మిక్కిలి కష్టము. ఫ్లోర్‌స్పార్ నాలుగు దిక్కుల సులభముగా చీలెడు స్ఫటికము. ఉలి కొంచెము గట్టిగా తగిలినచో పొర లేచిపోవును. అందుచే పనివారు రాతిని మెల్లగా కాచి, కరిగిన గుగ్గిలములో ముంచి, సందులలోనికి బంక ఇంకునట్లు చేయుదురు. పిదప సుత్తి, ఉలులతో ఉజ్జాయింపుగా రూపు తెచ్చి, లేతునందు వస్తువును పట్టెడు చక్కునకు గుగ్గిలముతోనే అతికించి, నీరు చిలుకుచు, మొదట మెల్లగాను, పై గరుకు పోయిన కొలది వడిగాను త్రిప్పుదురు. గర్భము తొలచుట అన్నిటికంటె ప్రమాదకరము. ఒక్క నిమిషపు తొందరలో ఎన్నో దినముల శ్రమ ముక్కలగును. రూపము వచ్చిన తరువాత గరుకు రాయి, నురుగురాయి, కురువిందపు పొడి, చివర తగరభస్మము అను క్రమమున మెరుగు పెట్టుదురు. ఈ క్రమమును విజ్ఞానలోకమునకు తెలిపినవారిలో డెర్బీలో పుట్టిన జాన్ మావ్ (1766–1829) ముఖ్యుడు. స్పార్ వర్తకుడు రిచర్డ్ బ్రౌన్ కుమార్తె సారాను వివాహమాడి, 1802లో డెర్బీషైరు ఖనిజములపై గ్రంథము వ్రాసి, బ్రెజిలు దేశమున సంచరించి వచ్చి, లండనులోని స్ట్రాండ్ వీథిలో ఖనిజముల అంగడి నడపెను. ఆయన మరణానంతరము సారా ఆ వ్యాపారమును సమర్థతతో నిర్వహించెను. 1843లో చార్లెస్ హోల్ట్‌జాప్‌ఫెల్ లేతువిద్యపై ప్రకటించిన మహాగ్రంథము మొదటి సంపుటమును పూర్తిగా పదార్థముల యెన్నికకును, వాని సిద్ధపాటునకును కేటాయించుట ఎంతయు సముచితము.

1846లో విక్టోరియా రాణి దంపతులు కార్న్‌వాలునకు పోయినప్పుడు లిజార్డ్ ద్వీపకల్పపు సర్పశిలా వస్తువులను మెచ్చుటతో అక్కడ సైతము ఈ పని వృద్ధిచెందెను. ఇటలీలో వోల్టెర్రా పట్టణమున 1791లో మార్చెల్లో ఇంగిరామి నెలకొల్పిన శాల అలబాస్టరు అను మెత్తని రాతి పనికి ప్రాణము పోసెను. అలబాస్టరును నీటిలో మరుగుస్థితికి కొంచెము తక్కువగా మెల్లగా కాచినచో, దాని పారదర్శకత తగ్గి పాలరాతివలె కనబడును. 20వ శతాబ్ది తొలినాళ్లకు ఈ పరిశ్రమలు చాలవరకు సన్నగిల్లెను. ఆష్‌ఫర్డ్ కర్మాగారము 1905లో మూతపడెను. నేడు బ్లూజాన్ ఏటికి సుమారు అర టన్ను మాత్రమే తీయబడుచున్నది. గుగ్గిలమునకు బదులుగా ఎపాక్సీ బంకను శూన్యపీడనమున ఇంకింతురు.

అక్రిలిక్ కథ రసాయనశాలలో పుట్టినది. 1843లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు రెడ్టెన్‌బాఖర్ అక్రిలిక్ ఆమ్లమును గుర్తించెను. జర్మనీలో ఆటో రోమ్ 1901లో దాని సమ్మేళనములపై పరిశోధనవ్యాసము సమర్పించి, 1907లో ఆటో హాస్‌తో కలిసి సంస్థను స్థాపించెను. 1933లో ప్లెక్సిగ్లాస్ అను వ్యాపారనామము నమోదయ్యెను. ఇంగ్లండులో ఐ.సి.ఐ. శాస్త్రజ్ఞులు రౌలండ్ హిల్, జాన్ క్రాఫర్డ్‌ల కృషి ఫలితముగ 1934లో పెర్స్‌పెక్స్ వెలసెను. రెండవ ప్రపంచయుద్ధమున ఇది విమానచోదకుల తలపై పారదర్శకమైన కప్పుగా అమరెను. ఆ కప్పుల ముక్కలు కంటిలో గ్రుచ్చుకొన్న చోదకులకు కన్ను వాయకుండుట గమనించి, హెరాల్డ్ రిడ్లీ 1949లో లండనులో కంటిలోపల కృత్రిమ కటకమును తొలిసారి అమర్చెను. శరీరమునకు అంత సౌమ్యమైన పదార్థమే యుద్ధానంతరము చవుకగా లభింపగా, ఇంటి లేతులపై నగల పెట్టెలు, మూతలు, పిడులు, పూసలుగా మారెను.

అక్రిలిక్ గాజుకంటె తేలిక. వెలుతురులో నూటికి 92 వంతులు తన గుండా పోనిచ్చును. దాని బలహీనత వేడిమి. 100 డిగ్రీల సెంటిగ్రేడునకు మించినచో మెత్తబడి, కోతపనిముట్టగు బిట్టునకు బంకవలె చుట్టుకొని, పని పాడగును. అందుచే అచ్చులో పోసి గట్టిపరచిన కడ్డీనే పనివారు కోరుదురు. యంత్రమునుండి వెడలదీసిన కడ్డీ త్వరగా కరగును. పదును చెడని బిట్టును తిన్నగా నానించి, సబ్బునీరు చిలుకుచు, సన్నని రిబ్బను వంటి పొట్టు తెగకుండ వచ్చునట్లు నడపుదురు. ఆ పొట్టు పొడిపొడిగా రాలినచో బిట్టు మొద్దుబారినదని అర్థము. వాటరు పేపరును గరుకునుండి నునుపునకు మార్చుచు తడిపి రుద్ది, చివర గుడ్డచక్రముపై మెరుగు పెట్టుదురు. వస్తువు పూర్తికాగానే స్పిరిటుతో తుడిచినచో లోపలి ఒత్తిడివలన సన్నని చీలికలు పుట్టును. ఈ దోషమును నివారించుటకు 80 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కాచి మెల్లగా చల్లారనిత్తురు. డెర్బీ పనివాడు రాతిని కాచినట్లే ఇతడును కాచుట, తడి మెరుగు పెట్టుట గమనింపదగినవి. పద్ధతిలో ఇది శిలపని సంప్రదాయమే.

ఆంధ్రదేశమున కడ్డీని త్రిప్పి సొగసైన వస్తువు చేయుటలో రాజమహేంద్రవరపు కలములు కీర్తి గాంచినవి. స్వదేశీ వస్తువు చేయవలెనన్న గాంధీమహాత్ముని ప్రేరణతో కె. వి. రత్నము 1930 ప్రాంతముల ఎబొనైటు అను గట్టి రబ్బరు కడ్డీలను లేతుపై పట్టి కలములు చేసెను. గాంధీ 1935 జూలై 16న ఆయనకు ధన్యవాదలేఖ వ్రాసెను. ఎబొనైటు కలముల సంప్రదాయమునకు ఇటీవల దక్షిణదేశమున అక్రిలిక్ కడ్డీ తోడయ్యెను. అనకాపల్లి జిల్లాయందలి ఏటికొప్పాకలో అంకుడుకర్రను త్రిప్పుచు, రాపిడి వేడిమికి కరగెడు లక్కను పూయు పని ఈ విద్యకు సన్నిహిత బంధువు.

శిలాధూళి ఊపిరితిత్తులకు హానికరము. సిలికాగల రాతిపై నీరు చిలుకక పని చేయుట క్షయమును పోలిన వ్యాధికి మూలము. కొన్ని బలపపు రాళ్లలో రాతినార పోగులుండుటచే నీరు చిలుకుట, ముక్కు నోరు కప్పుకొనుట తప్పనిసరి. అక్రిలిక్ వేడెక్కినప్పుడు వెలువడు ఘాటైన ఆవిరికి గాలి తగులు గది అవసరము.

అనంతపురము, కర్నూలు ప్రాంతములలో బలపపు రాయి సమృద్ధిగా కలదు. అది నేడు పొడిగా కొట్టబడి కాగితము, రంగుల కర్మాగారములకు పోవుచున్నది. ఆ మెత్తని దిమ్మను గిన్నెగా, భరిణెగా పట్టుటకు భారీ యంత్రములు పనిలేదు. రాజమహేంద్రవరమున కలములు పట్టు చిన్న లేతు, గట్టి లోహపు (విడియా) బిట్టు ఒకటి, నీటిచుక్క చాలును. ఈ రాయిని పట్టగోరు యువకులకు మన పాలిటెక్నిక్కులు ఆ పనిని తమ పాఠములలో చేర్చి నేర్పుట మంచిది.