రాణీమహలా? గుఱ్ఱపుసాలా?

తిరుమల యాత్రకు పోవువారిలో చంద్రగిరి దుర్గమును గూడ చూచి వచ్చువారు కొందరే. తిరుపతికి పడమటగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున, కొండ యడుగున ఆ కోట యున్నది. సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించుటకు పూర్వము ఇచ్చటి ప్రభువే. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిదప రాజధాని పెనుకొండకును, ఆ శతాబ్దము చివర రెండవ వేంకటపతిరాయల కాలమున చంద్రగిరికిని మారెను.

కోటలో రెండు మేడలు నిలిచియున్నవి. మూడంతస్తులది రాజమహలు; రెండంతస్తులది రాణీమహలు. చూడవచ్చినవారు పెద్ద మేడను తనివితీర చూచి, చిన్నదానిని దూరమునుండియే పలుకరించి మరలుదురు. ఆ చిన్న మేడను గూర్చియే మేమిచ్చట ముచ్చటింప దలచితిమి.

పేరు నమ్మి లోనికి పోయినచో అంతఃపురమని తోపదు. క్రింది యంతస్తు గుఱ్ఱపుసాలను బోలియున్నది. అచ్చటి శాసనమును బట్టి ఇది సేనానాయకుని విడిది యని పురావస్తు శాఖవారు తెలుపుచున్నారు. క్రింద గుఱ్ఱములు, పైన వాని నేలు దళపతి యుండి రనుకొన్నచో, కోటలో అంతకంటె సహజమైన యమరిక వేరేమున్నది?

ఆనాడు గుఱ్ఱమనగా సామాన్యమైన సొత్తు కాదు. మేలుజాతి గుఱ్ఱములు అరేబియా, పారసీక దేశములనుండి ఓడలపై పడమటి తీరమునకు దిగెడివి. 1510లో గోవాను పట్టుకొనిన పోర్చుగీసువారు ఆ వర్తకమును చాలవఱకు తమ చేతిలోనికి తెచ్చుకొనిరి. విజయనగర ప్రభువులు వానికై విస్తారముగ ధనము వెచ్చించిరి. సముద్రము దాటివచ్చిన జంతువునకు గట్టి కప్పు వేయుట రాజ్యరక్షణలో నొక భాగమే.

1639లో ఆంగ్లేయులకు చెన్నపట్టణపు స్థలము లభించునాటికి చంద్రగిరి ఇంకను రాయల యేలుబడిలోనిదే. 1646లో గోలకొండవారికిని, 1782లో హైదరాలీకిని వశమై, తుదకు ఆంగ్లేయుల పాలయ్యెను. రాజమహలు వారి కాలమున మరమ్మతు పొంది, పర్యటించు అధికారులకు విడిదిగ నుపయోగపడెను. నేడది ప్రదర్శనశాల. కొత్త పని దొరకిన మేడకు చూచువారును దొరకిరి. గుఱ్ఱములు పోయిన చిన్న మేడకు అట్టి యదృష్టము పట్టలేదు. రాజమహలు ప్రక్కన నున్నందున కాబోలు, రాణి పేరు మాత్రము దానికి దక్కెను.

పేరు ఇంపైనదే. కాని దాని చాటున గడ్డిమోపులు మోసినవారు, దాణా నానబెట్టినవారు, తెల్లవారకముందే గుఱ్ఱములను మాలీసు చేసినవారు మఱుగుపడిరి. రాయల దర్బారు ఎంత వైభవముగ నడచినను, దాని బలము కొంత ఈ సాలలోని వారి చేతిచలువయే గదా! ఈ మారు చంద్రగిరికి పోవు మన పాఠకులు రాజమహలు చూచిన పిమ్మట ఆ క్రింది యంతస్తున కొంతసేపు నిలుతురు గాక.