పేగు శిలీంద్రాలు, టైప్ 1 మధుమేహం

పిల్లల్లో ఎక్కువగా బయటపడే టైప్ 1 మధుమేహంలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తాయి. ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వక తప్పదు. జన్యువులతో పాటు పేగుల్లోని సూక్ష్మజీవుల పాత్రపైనా పరిశోధన సాగుతోంది. బాక్టీరియాతో పోలిస్తే శిలీంద్రాలు అక్కడ బహు స్వల్పం. అందుకే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. వాటి కణకవచంలోని బీటా గ్లూకాన్‌ను కొన్ని తెల్లరక్తకణాలపై ఉండే డెక్టిన్-1 గ్రాహకం గుర్తుపడుతుంది. దాంతో వాపును పెంచే టిహెచ్17 కణాలు చురుకవుతాయి. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల మలంలో కాండిడా అనే శిలీంద్రం ఎక్కువగా, బిఫిడోబాక్టీరియా తక్కువగా ఉన్నట్టు 2014లో టర్కీ పరిశోధకులు ప్రచురించారు. అది కారణమో, పర్యవసానమో అంతమాత్రాన తేలదు. రక్తంలో చక్కెర పెరిగినా కాండిడా పుంజుకుంటుంది మరి.

యాంటీబయాటిక్స్ బాక్టీరియాను అణచి శిలీంద్రాలకు చోటిస్తాయి. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు ప్రస్తావనకు వచ్చేది ఇక్కడే. అక్కడి మందుల పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మి.గ్రా. వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. 2017 నాటి జర్మన్ అధ్యయనం హైదరాబాద్ పారిశ్రామిక మురుగు నమూనా ఒకదానిలో శిలీంద్రనాశని ఫ్లుకొనజోల్‌ను లీటరుకు సుమారు 237 మి.గ్రా. మేర కనుగొంది. మందుల షాపులో దొరికే మాత్ర 150 మి.గ్రా.! ఈ నీటిని పిల్లల మధుమేహానికి ముడిపెట్టడం మాత్రం తొందరపాటే; ఆ పరిశోధనలు ఎత్తిచూపిన ముప్పు మందులకు లొంగని బాక్టీరియా వ్యాప్తి.